ముందు డీబగ్గర్, తరువాతే ఎడిటర్

కూచిపూడి అన్న మాటలో ఎన్ని అక్షరాలని ఆ ఊరి బడిపిల్లల్లో ఎవరిని అడిగినా నాలుగని చెబుతారు. యూనికోడ్ లెక్కలో అవి ఎనిమిది గుర్తులు: క, కొమ్ముదీర్ఘం, చ, గుడి, ప, మళ్ళీ కొమ్ముదీర్ఘం, డ, మళ్ళీ గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైల్లో దాస్తే 24 బైట్లు. విండోస్, క్యూటీ లైబ్రరీ లోలోపల వాడే యూటీఎఫ్-16లో 16 బైట్లు. ఈ లెక్కలన్నీ నిజమే. తెలుగులో పనిచేసే ఏ డెస్క్‌టాప్ ప్రోగ్రామైనా ఒకే నిమిషంలో వీటన్నిటినీ వాడుతుంది. ఫైలు చదివేటప్పుడు బైట్లు, మెమరీలో తిప్పేటప్పుడు గుర్తులు, కర్సర్ జరిపేటప్పుడు అక్షరాలు. ఒక లెక్క వాడాల్సిన చోట ఇంకోటి వాడితే చాలు, తప్పు మొదలవుతుంది. పేరు దాచడానికి 20 బైట్ల చోటిచ్చిన ప్రోగ్రాంలో ఈ ఊరి పేరు పెడితే ‘కూచిపూ’ వరకు బాగానే వస్తుంది. ఆ తరువాత డ తాలూకు మూడు బైట్లలో రెండే పట్టి, తెర మీద నల్ల వజ్రంలో ప్రశ్న గుర్తు కనిపిస్తుంది.

అలాంటి తప్పును పట్టి ఇచ్చే పనిముట్లను దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఎక్కువగా వాదించుకునేది ఎడిటర్ గురించే: ఏది తేలిక, ఏది వేగం, ఏది కళ్ళకు హాయి. నేను ముందు డీబగ్గర్‌ను ఎంచుకోమంటాను. దానితో పొసిగే ఎడిటర్‌ను తరువాత చూసుకోవచ్చు. ఎడిటర్‌లో ఉండేది మనం అనుకున్నది. డీబగ్గర్‌లో కనిపించేది నిజంగా జరిగింది. ఈ రెంటికీ తేడా వచ్చిన రోజున మనల్ని ఒడ్డున పడేసేది రెండోదే.

ఊహల్లో మాట్లాడకుండా ఒక ప్రోగ్రాం అనుకుందాం. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే పిల్లల సాధన కోసం అది. తెరకు ఎడమ పక్క దరువు సాహిత్యం, కుడి పక్క జతులు, కింద తాళం వేసే శబ్దం. నట్టువాంగం చేసే గురువుగారు లేని పూట కూడా పిల్లలు లయ తప్పకుండా సాధన చేసుకోవాలి. సాధన హాల్లో నెట్ పోయినా ఆగకూడదు, తాళం ఆలస్యంగా పడకూడదు, కాబట్టి బ్రౌజర్‌లో నడిచేది పనికిరాదు. సి ప్లస్ ప్లస్‌లో, క్యూటీ సాయంతో రాస్తున్నాం. ఇంతే కథ. తెలుగు రాత, కిటికీలు, శబ్దం, కాలం నాలుగూ ఇందులో ఉన్నాయి కనుక డీబగ్గర్ల సత్తా తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష అక్కర్లేదు.

బ్రేక్‌పాయింట్ అన్నది రోజూ వాడే మాటే అయినా దాని లోపలి పనితనం చూసినవాళ్ళు తక్కువ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టిన జీడీబీ అనే డీబగ్గర్‌నే తీసుకోండి. ఇంటెల్ తరహా ప్రాసెసర్ మీద ఫలానా వరుస దగ్గర ఆగమని చెబితే, ప్రోగ్రాంను కదిలించే ముందు అది ఆ వరుసకు సంబంధించిన యంత్రభాషలో మొదటి బైట్‌ను తీసి దాచుకుని, అక్కడ 204 అనే బైట్ పెడుతుంది. ప్రాసెసర్ పరుగులో అక్కడికి వచ్చి 204ను చూడగానే ఆగి ఆపరేటింగ్ సిస్టంకు కబురు పెడుతుంది. సిస్టం జీడీబీని లేపుతుంది. జీడీబీ ముందుగా ప్రాసెసర్ స్థానాన్ని ఒక బైట్ వెనక్కి జరిపి, ఏమీ జరగనట్టు సర్ది, అప్పుడు మనకు అప్పగిస్తుంది. చూడాల్సింది చూసి పొమ్మన్నాక, దాచిన అసలు బైట్‌ను తిరిగి పెట్టి, ఆ ఒక్క ఆదేశాన్నే నడిపించి, మళ్ళీ 204 పెట్టి, ఆపైన పరుగు తీయనిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే చిన్న సంగతులు రెండు. ఆ గుర్తు ఒక్క బైటే కావడం మొదటిది. ఆ ప్రాసెసర్‌లో అతి చిన్న ఆదేశం ఒక బైట్. గుర్తు రెండు బైట్లదైతే పక్క ఆదేశం మీద పడి, ఇంకో దారిలో అక్కడికి దూకి వచ్చిన ప్రోగ్రాం విరిగిన ఆదేశాన్ని తొక్కుతుంది. చిప్ గీసినవాళ్ళే డీబగ్గర్ రాసేవాళ్ళ కోసం ఒక బైట్ కేటాయించి పెట్టారు. రెండోది ఇంకా ముచ్చటైనది. ప్రోగ్రాం ఆగి ఉండగా ఆ చోట మెమరీ చూపించమని అడిగితే జీడీబీ తను పెట్టిన 204ను చూపించదు, దాచిన అసలు బైట్‌నే చూపిస్తుంది. తన చేయి పడిన చోటును కూడా, చేయి పడకముందు ఎలా ఉందో అలాగే చూపించాలన్న పట్టుదల అది. పరిశీలించే వస్తువును పరిశీలన పాడుచేయకూడదన్న నియమాన్ని ఇంత నిష్ఠగా పాటించిన పనిముట్లు చాలా కొద్ది.

వాచ్‌పాయింట్ ఇంకో మెట్టు పైన. ఫలానా చోట విలువ ఎవరు మార్చినా ఆగమని చెప్పడం అది. 1985లో వచ్చిన ఇంటెల్ 80386 నుంచి ప్రాసెసర్‌లోనే ఇందుకు నాలుగు రిజిస్టర్లు ఉన్నాయి. వాటితో కాపలా పెడితే ప్రోగ్రాం వేగం తగ్గదు. నాలుగు దాటితే, లేదా కాపలా కాయాల్సిన చోటు పెద్దదైతే, జీడీబీ ఒక్కో ఆదేశాన్నీ నడిపి చూసుకోవాల్సి వస్తుంది. వేగం వందల రెట్లు పడిపోతుంది. అందుకే వాచ్‌పాయింట్ పెట్టేవాళ్ళు ఏ నాలుగు చోట్లు ముఖ్యమో ముందే ఆలోచించుకోవాలి. మన ప్రోగ్రాంలో ఆది తాళం ఎనిమిది అక్షరకాలాలు పూర్తికాకుండానే మొదటికి వస్తోందనుకుందాం. వాటిని లెక్కపెట్టే అంకె ఉన్న చోట ఒక్క వాచ్‌పాయింట్ పెడితే, దాన్ని సున్న చేసిన వరుస దగ్గరే ప్రోగ్రాం నిలబడుతుంది. ఆ వరుస శబ్దం తాలూకు ఫైల్లో కాకుండా కిటికీ సైజు మార్చే ఫంక్షన్‌లో బయటపడడం కూడా జరుగుతుంది. అంచనాలతో వెదికితే అక్కడికి చేరేది ఎప్పుడో.

నిజాయితీకి ఇంకో నమూనా ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అన్న జవాబు. కంపైలర్ వేగం కోసం ఒక విలువను ఎక్కడా దాచకుండా వదిలేసిన చోట, దాన్ని చూపించమంటే జీడీబీ ఏదో ఒక అంకె చెప్పదు, లేదని చెబుతుంది. విద్యార్థులు దీన్ని చూసి విసుక్కుంటారు. తప్పుడు అంకె చూపి మనల్ని గంటల తరబడి తిప్పే పనిముట్టు కన్నా, తన దగ్గర లేదని చెప్పేది వంద రెట్లు మేలు. డీబగ్ సమాచారంతో, ఆప్టిమైజేషన్ తగ్గించి కంపైల్ చేసుకుంటే ఆ జవాబు చాలావరకు కనిపించదు.

ఇక తెలుగు. జీడీబీలో ఒక పదాన్ని చూపించమంటే, యూటీఎఫ్-8 అని దానికి తెలిసిన యంత్రంలో తెలుగే కనిపిస్తుంది. తెలియని చోట మూడేసి అంకెల గుంపులు కనిపిస్తాయి. అవి అష్టాంశ పద్ధతిలో రాసిన బైట్లు. వాటికి భయపడనక్కర్లేదు, చదవడం నేర్చుకోవచ్చు. ప్రతి తెలుగు గుర్తూ 340 260తో గానీ 340 261తో గానీ మొదలవుతుంది. అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి మొదటి జాతి. గుడిదీర్ఘం, కొమ్ములు, ఎత్వం, పొల్లు రెండో జాతి. జ అంటే 340 260 234. పొల్లు అంటే 340 261 215. విండోస్‌లో విజువల్ స్టూడియో ఇదే పదాన్ని పాత పశ్చిమ యూరప్ కోడ్‌పేజీలో చదివిందంటే, నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరం పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తుంది. డిగ్రీ, ప్లస్-మైనస్ గుర్తులు అలా కుప్పగా కనిపించాయంటే సమాచారం పోలేదు, చదివే పద్ధతే తప్పు; కింద ఉన్నది చక్కని తెలుగే. వాచ్ కిటికీలో ఆ పేరు చివర కామా పెట్టి ఎస్8 అని చేరిస్తే విజువల్ స్టూడియో దాన్ని తెలుగుగా చూపిస్తుంది. ఇంత చిన్న సౌకర్యం ఎన్ని పూటల వెదుకులాటను తప్పిస్తుందో వాడినవాళ్ళకు తెలుసు.

క్యూటీలో పదాన్ని దాచే పెట్టెను జీడీబీ నేరుగా చూపిస్తే లోపలి పాయింటర్లు మాత్రమే కనిపిస్తాయి. 2009లో వచ్చిన 7.0 నుంచి జీడీబీకి పైథాన్ తోడైంది. ఏ రకం పెట్టెను ఎలా విప్పి చూపించాలో ఒక చిన్న పైథాన్ తునకలో రాసి ఇవ్వొచ్చు. క్యూటీ క్రియేటర్‌లో ఈ తునకలు సిద్ధంగా వస్తాయి. విజువల్ స్టూడియోలో అదే పనికి నాట్‌విస్ ఫైళ్ళు. డీబగ్గర్‌ను ఎంచుకునేటప్పుడు నేను చూడమనే మొదటి సంగతి ఇదే: మీ ప్రోగ్రాంలో మీరు కట్టుకున్న పెట్టెలను అది మీ భాషలో చూపించగలదా? దరువు పేరు, రాగం, తాళం ఒక వరుసలో కనిపిస్తే మనసు తప్పు మీద నిలుస్తుంది. పాయింటర్ల అడవి కనిపిస్తే ఆ అడవిలోనే పొద్దుపోతుంది.

డెస్క్‌టాప్ ప్రోగ్రాంలకు మాత్రమే వచ్చే తలనొప్పులు వేరే ఉన్నాయి. సర్వర్ ప్రోగ్రాంను ఎక్కడ ఆపినా దాని పాటికది ఆగుతుంది. కిటికీలున్న ప్రోగ్రాంను బొమ్మ గీసే ఫంక్షన్‌లో ఆపితే, పైకి వచ్చిన డీబగ్గర్ కిటికీ దాన్ని కప్పేస్తుంది. పొమ్మంటే కప్పు తొలగి, మళ్ళీ గీయాల్సి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగుతుంది. పాత విండోస్‌లో, ఎక్స్ విండోలో ఇది అంతులేని వ్యవహారం. ఇప్పటి సిస్టంలు కిటికీ బొమ్మను పక్కన దాచుకుంటాయి కాబట్టి కొంత నయం, అయినా ఫోకస్ మారిన ప్రతిసారీ ఏదో ఒకటి తిరిగి గీయక తప్పదు. లినక్స్‌లో ఎక్స్ విండో మీద ఇంకా గట్టి చిక్కుంది. మెనూ తెరిచి ఉన్నంతసేపు ఆ ప్రోగ్రాం మౌస్‌ను, కీబోర్డ్‌ను తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే బ్రేక్‌పాయింట్ తగిలితే మన నొక్కులేవీ డీబగ్గర్‌కు చేరవు. యంత్రం మొత్తం బిగుసుకుపోయినట్టే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి ఇంకో కన్సోల్‌లోకి వెళ్ళి జీడీబీని విడిపించాలి. క్యూటీ ఇందుకోసమే గుప్పిట పట్టకుండా నడిచే ఒక ఐచ్ఛికం పెట్టింది. లేదంటే పక్క కంప్యూటర్ నుంచి జీడీబీ సర్వర్ ద్వారా డీబగ్ చేయడం హాయి.

ఆపకుండానే చూసే దారి కూడా ఉంది. జీడీబీలో డీప్రింట్‌ఎఫ్, విజువల్ స్టూడియోలో ట్రేస్‌పాయింట్. బ్రేక్‌పాయింట్ లాగే ఒక వరుస దగ్గర పెడతాం; ప్రోగ్రాం అక్కడికి వస్తే నిలబడదు, మనం అడిగిన విలువను రాసి ముందుకు సాగిపోతుంది. సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు, తిరిగి కంపైల్ చేయనక్కర్లేదు. గీసే ఫంక్షన్లలో నేను సిఫారసు చేసేది ఇదొక్కటే. విండోస్‌లో ‘స్పందించడం లేదు’ అని కిటికీ తెల్లబోయినప్పుడు మాత్రం నేరుగా ఆపడమే సరైన పద్ధతి. కిటికీ 5 సెకన్ల పాటు సందేశాలు అందుకోకపోతే విండోస్ ఆ ముద్ర వేస్తుంది. ఆ క్షణాన డీబగ్గర్ తగిలించి, ఆపి, ముఖ్య థ్రెడ్ స్టాక్ చూస్తే చాలు. అది ఏ ఫైలు కోసమో, ఏ లాక్ కోసమో కాచుకుని కూర్చున్న వైనం పేరుతో సహా కనిపిస్తుంది.

శబ్దానికి ఈ పద్ధతులేవీ కుదరవు. సెకనుకు 48,000 నమూనాలు, ఒక విడతకు 256 చొప్పున పంపిస్తే, ప్రతి విడతకూ ప్రోగ్రాం చేతిలో ఉండేది సుమారు 5.3 మిల్లీసెకన్లు. ఆ ఫంక్షన్‌లో ఆగితే తాళం తెగిపోతుంది. తెగాక చూసేది మనం వెదికే తప్పు కానే కాదు. ముందే కేటాయించిన ఒక చిన్న పట్టీలో కాలాన్ని, లెక్కను రాసుకుంటూ పోయి, సాధన ఆపాక తీరిగ్గా చదవడమే దారి. పనిముట్టు ఎంత గొప్పదైనా దాన్ని వాడకూడని చోటు ఉంటుంది. లయ తప్పిన చోటు వెదకడానికి లయనే ఆపకూడదు.

మెమరీ చెడిపోయే తప్పులు వీటన్నిటి కన్నా దొంగవి. తప్పు ఒక చోట జరుగుతుంది, ప్రోగ్రాం ఇంకెక్కడో కూలుతుంది. ఇందుకు తెలుగువాళ్ళు మరవకూడని ఉదాహరణ 2018 ఫిబ్రవరిది. జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని తరువాత దీర్ఘం: ఈ ఐదు గుర్తుల వరుస సందేశంలో వస్తే ఆపిల్ ఫోన్లలో ఆ యాప్ కూలిపోయేది. మాక్ కంప్యూటర్లలో కూడా అంతే. ప్రపంచమంతా దాన్ని తెలుగు అక్షరం గొడవగానే చెప్పుకుంది. మనం రోజూ రాసే జ్ఞాలో మధ్యన ఆ కనిపించని గుర్తు ఉండదు, దానితో ఏ ఇబ్బందీ లేదు. మనీష్ గోరెగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ అప్పుడు చేసిన పని ఈ విద్యలో పాఠంగా పెట్టదగినది. ఒక్క అక్షరంతో సరిపెట్టుకోకుండా ఒక్కో గుర్తును మారుస్తూ పరీక్షించి, ఈ తప్పు బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఉందని, తెలుగులో ఏ ఒత్తుతోనైనా వస్తుందని, ఐత్వం లాంటి రెండు ముక్కల గుణింతంతో రాదని తేల్చాడు. ఆపిల్ సోర్స్ ఆయన చేతిలో లేదు. బయటి నుంచి అడిగిన ప్రశ్నల వరుసతోనే తప్పు ఆకారాన్ని గీసి పెట్టాడు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్‌లో మెమరీ చెడిపోవడమే కారణమని ప్రకటించింది.

అలాంటి తప్పును సోర్స్ ఉన్నవాళ్ళు ఎలా పడతారు? రెండు పనిముట్లు చెబుతాను. ఒకటి గూగుల్ ఇంజనీర్లు తయారుచేసిన అడ్రస్ శానిటైజర్. దాని వివరాలు 2012లో ప్రచురించారు. కంపైల్ చేసేటప్పుడు ఒక ఐచ్ఛికం చేరిస్తే, ప్రతి ఎనిమిది బైట్ల మెమరీకీ పక్కన ఒక నీడ బైట్ పెట్టి, ప్రతి రాతకూ చదువుకూ ముందు ఆ నీడను చూసుకుంటుంది. కేటాయించిన చోటు దాటి ఒక్క బైట్ పక్కకు పోయినా అక్కడికక్కడే ఆపి, ఎక్కడ రాసింది, ఆ చోటును ఎవరు కేటాయించింది, అప్పటికే వదిలేసి ఉంటే ఎవరు వదిలేసింది తెలిపే స్టాక్‌లు ముందు పెడుతుంది. వేగం దాదాపు సగానికి పడుతుంది, అంతే. అంతకు పదేళ్ళ ముందు జూలియన్ సీవర్డ్ రాసిన వాల్‌గ్రైండ్‌కు తిరిగి కంపైల్ చేయడం కూడా అక్కర్లేదు, కానీ 20, 30 రెట్లు నెమ్మది. తాళం వేసే ప్రోగ్రాంకు అది మోయలేని బరువు.

రెండోది ఆర్‌ఆర్. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో రాబర్ట్ ఓకల్లహన్ బృందం కట్టి 2014లో విడుదల చేసింది. నా దృష్టిలో ఈ మధ్య కాలపు డీబగ్గర్లలో పనితనానికి ఇదే శిఖరం. ప్రోగ్రాం నడిచిన తీరును ఒకసారి రికార్డు చేసుకుంటుంది. అన్నిటినీ రాసుకుంటే ఫైలు కొండంత అవుతుంది. అందుకని బయటి నుంచి ప్రోగ్రాంలోకి వచ్చిన వాటిని మాత్రమే, అంటే సిస్టం ఇచ్చిన జవాబులను, సంకేతాలు వచ్చిన సమయాలను రాసుకుంటుంది. మిగతాది ప్రాసెసర్ ఎలాగూ మళ్ళీ అలాగే చేస్తుంది. సంకేతం సరిగ్గా ఏ క్షణాన వచ్చిందో చెప్పడానికి, ప్రోగ్రాం ఎన్ని షరతుల మలుపులు దాటిందో లెక్కపెట్టే ప్రాసెసర్ కౌంటర్‌ను వాడుకుంటుంది. వేగాన్ని కొలవడానికి పెట్టిన కౌంటర్‌లో కాలానికి మైలురాయిని చూడడం గొప్ప ఊహ.

దాని ఫలితం చూడండి. ప్రోగ్రాం కూలింది. చెడిపోయిన చోటు తెలిసింది. ఆ చోట వాచ్‌పాయింట్ పెట్టి వెనక్కి నడవమంటే, ఆర్‌ఆర్ కాలంలో వెనక్కి పోతూ ఆ చోటును చివరగా రాసిన వరుస దగ్గర నిలబడుతుంది. వందసార్లలో ఒకసారి మాత్రమే వచ్చే తప్పు కూడా ఒక్కసారి రికార్డయితే చాలు, ఎన్నిసార్లు చూసినా మారకుండా కూర్చుంటుంది. ఇది లినక్స్ మీదే నడుస్తుంది, థ్రెడ్లను ఒక్కొక్కటిగా నడిపిస్తుంది. విండోస్‌లో ఇలాంటి పనికి విన్‌డీబగ్‌లో 2017 నుంచి టైమ్ ట్రావెల్ డీబగ్గింగ్ ఉంది.

అక్షరాలు తెర మీద పేర్చడం దగ్గరికి వస్తే డీబగ్గర్ కన్నా పదునైన పనిముట్టు హార్ఫ్‌బజ్‌తో పాటు వచ్చే చిన్న కమాండ్లు. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ కట్టిన హార్ఫ్‌బజ్‌నే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ వాడుతున్నాయి. క్యూటీలోనూ అదే ఉంది. హెచ్‌బీ-షేప్‌కు ఒక ఫాంట్, ఒక పదం ఇస్తే ఏ బొమ్మలు, ఎంత వెడల్పున, పదంలో ఏ గుర్తు నుంచి వచ్చాయో చెబుతుంది. మచిలీపట్నం ఇస్తే, ఏ గుర్తు నుంచి వచ్చాయో చెప్పే అంకెలు 0, 1, 3, 5, 6 అని రావాలి. ట, దాని కింద న ఒత్తు, సున్న మూడూ 6 అనే ఒక్క గుంపు. కర్సర్ ఆ గుంపు మధ్యలో ఆగకూడదు. యూనికోడ్ మామూలు నియమాల్లో కూడా 2023లో వచ్చిన 15.1 కూర్పు వరకు ట పొల్లును ఒక ముక్కగా, నంను ఇంకో ముక్కగా విడదీసేవారు. ఆ కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని విడగొట్టరాదన్న నియమం చేరింది. పాత లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాం మచిలీపట్నాన్ని ఆరుగా, కొత్తదానితో కట్టింది ఐదుగా లెక్కపెట్టే అవకాశం ఉంది. మన కంటికి ఐదే సరి.

పరీక్షకు ఫాంట్లు దూరం నుంచి తెచ్చుకోనక్కర్లేదు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన, గుత్తుల పురుషోత్ కుమార్ రూపుదిద్దిన ఫాంట్లలో రెండు కూచిపూడి ప్రాంతపు మనుషుల పేర్లతోనే ఉన్నాయి. ఒకటి మండలి, దివిసీమ నాయకుల ఇంటిపేరున. ఇంకోటి ఎన్టీఆర్, ఆయన పుట్టిన నిమ్మకూరు కూచిపూడికి దగ్గరే. రెండూ పెట్టి చూడండి. ఒక్కో ఫాంట్‌లో ఒత్తు ఒక్కో లోతున దిగుతుంది. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసి బటన్ కొలతలు పెట్టిన ప్రోగ్రాంలో ఒత్తులు కింద తెగిపోతాయి. ఆ బటన్ చుట్టూ సిస్టం కట్టిన పెట్టె ఎంతో, లోపల రాతకు మిగిలింది ఎంతో చూపించడానికి క్యూటీకి కేడీఏబీ సంస్థ తయారుచేసిన గామారే ఉంది. జీటీకేలో 3.14 నుంచి ఇన్‌స్పెక్టర్ లోపలే ఉంది. నడుస్తున్న కిటికీ మీద వేలు పెట్టి, దాని కొలత అక్కడే మార్చి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఎడిటర్. మన కాలేజీ ల్యాబుల్లో చదివినవాళ్ళు టర్బో సి నీలం తెరను మరచిపోలేరు. దాన్ని పాతదని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. రాయడం, కంపైల్ చేయడం, ఎఫ్7తో లోపలికి, ఎఫ్8తో మీదుగా అడుగులు వేయడం, విలువల మీద వాచ్ పెట్టడం అన్నీ ఒకే తెరలో అమర్చిన తీరు అప్పటికి అద్భుతం. చాలామంది ఎఫ్7 ఒక్కసారి కూడా నొక్కకుండా డిగ్రీ పూర్తిచేశారన్నదే బాధ. ఆ కాలంలో ఎడిటర్‌ను ఎంచుకుంటే డీబగ్గర్ దానితోనే వచ్చేది. ఇప్పుడు ఆ ముడి విడిపోయింది. వీఎస్ కోడ్ కోసం మైక్రోసాఫ్ట్ రూపొందించిన డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్ తెలిసిన ఏ ఎడిటర్ అయినా అది తెలిసిన ఏ డీబగ్గర్‌తోనైనా మాట్లాడగలదు. 2023 డిసెంబర్‌లో వచ్చిన జీడీబీ 14 ఆ భాషను తనంతట తానే మాట్లాడుతుంది. కాబట్టి ఎడిటర్‌ను దాని సొంత గుణాల మీద ఎంచుకునే స్వేచ్ఛ మనకు వచ్చింది.

తెలుగు ప్రోగ్రాం రాసేవాళ్ళకు నేను చూడమనే గుణం ఒకటే: కంటికి కనిపించేదాన్నీ, ఫైల్లో ఉన్నదాన్నీ రెంటినీ చూపించాలి. రాజ్‌కుమార్ అన్న పేరులో జ పొల్లుకూ క‌కూ మధ్య ఆ కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటేనే క ఒత్తుగా మారకుండా నిలబడుతుంది. ఒకరు ఆ గుర్తు పెట్టి, ఒకరు పెట్టకుండా టైపు చేస్తే, పిల్లల పేర్ల జాబితాలో వెదుకులాట విఫలమవుతుంది. కారణం కంటికి అందదు. టెర్మినల్‌లో విమ్ తెలుగు ఒత్తులను అందంగా పేర్చలేదు. అక్షరానికి ఒక గడి అన్న లెక్క మన లిపికి సరిపడదు. కానీ ఆ కనిపించని గుర్తును కోణపు బ్రాకెట్లలో అంకె వేసి చూపిస్తుంది. వీఎస్ కోడ్ క్రోమియం మీద కట్టింది కనుక తెలుగు నిండుగా కనిపిస్తుంది. కనిపించని, అనుమానాస్పదమైన గుర్తుల చుట్టూ గడి గీసే ఏర్పాటు 2021లో చేరింది.

నా ఓటు ఈమాక్స్‌కు. 2020లో వచ్చిన 27వ కూర్పు నుంచి అది హార్ఫ్‌బజ్‌తో తెలుగు పేరుస్తుంది. కర్సర్ ఒక అక్షరం మీద పెట్టి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, సమానం గుర్తు నొక్కితే అది యూనికోడ్‌లో ఏ గుర్తో, ఫైల్లో ఏ బైట్లుగా ఉందో, ఏ ఫాంట్‌లోని ఏ బొమ్మలతో పేర్చిందో ఒక పేజీ తెరుస్తుంది. మొదటి పేరాలో చెప్పిన లెక్కలన్నీ ఒకే చోట చూపించే ఎడిటర్ నాకు తెలిసి ఇదే. కనిపించని గుర్తులను పేరుతో చిన్న పెట్టెలో చూపించమనీ చెప్పవచ్చు. నేర్చుకోవడం కష్టమే, కొత్తవాళ్ళు వీఎస్ కోడ్‌తో మొదలుపెడితే తప్పులేదు. క్యూటీలోనే పూర్తిగా పనిచేసేవారికి క్యూటీ క్రియేటర్, విండోస్‌కే రాసేవారికి విజువల్ స్టూడియో. వాటి డీబగ్గర్ల కోసమే నేను వాటిని సిఫారసు చేస్తాను.

మచిలీపట్నం, గుడివాడ, గుడ్లవల్లేరు కాలేజీల్లో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. ఇక్కడ చెప్పిన జీడీబీ, ఆర్‌ఆర్, వాల్‌గ్రైండ్, అడ్రస్ శానిటైజర్, ఈమాక్స్, హార్ఫ్‌బజ్ అన్నీ ఉచితం. ల్యాబ్‌లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద నడుస్తాయి. ప్రింట్‌ఎఫ్ నేర్పిన వారంలోనే బ్రేక్‌పాయింట్ కూడా నేర్పండి. మొదటి పరీక్ష వాక్యంగా ఇంగ్లిష్ పలకరింపు బదులు పిల్లల ఊరి పేరు తెలుగులో పెట్టించండి. దాన్ని డీబగ్గర్‌లో విప్పి, ఎన్ని బైట్లో, ఎన్ని గుర్తులో, ఎన్ని అక్షరాలో వాళ్ళచేతే లెక్కపెట్టించండి.